కామాటిపురా వాననీరు: పాలుగలవారి పొత్తు

తెలుగు నిఘంటువులలో ‘కామాటి’ యను పదమునకు, పారపట్టి మట్టిపని చేయు కూలివాడని అర్థము చెప్పబడినది. ముంబయి నగరము నడుమ ఇరుకైన సందుల పేట యొకటి ఆ కూలివాని పేరనే నేటికిని పిలువబడుచున్నది. పదునెనిమిదవ శతాబ్ది చివర నైజాము రాజ్యమునుండి బ్రతుకుదెరువునకై తరలివచ్చిన తెలుగు కూలీలును, పనివారును స్థిరపడిన చోటగుటచే దానికి కామాటిపురా యను పేరు కలిగెను. నగరమునకు మేడలు కట్టిన చేతులకు నివాసముగా దక్కినది పల్లపునేల. నాటి పల్లము నేటికిని పల్లమే. వానకాలము వచ్చినదనిన, క్రింది అంతస్తు గదులలోనివారు బియ్యపుడబ్బాను అటక మీదికి ఎక్కించి, గడపకు అడ్డుపలక పెట్టి, రాత్రి మేలుకొని కూర్చుండుట ఈ పేటలో క్రొత్త సంగతి కాదు.

వరదను గూర్చిన చర్చలలో సాధారణముగా రెండు మాటలు వినబడును. ప్రభుత్వము ఏమియు చేయలేదని ప్రజలందురు; ప్రజలు చెత్తవేసి కాలువలు పూడ్చుచున్నారని అధికారులందురు. రెంటను కొంత నిజము లేకపోలేదు. అయితే ఈ వాదము వలన ఒక్క గదిలోని నీరైనను తగ్గదు. వరదతో లాభనష్టముల సంబంధము కలవారినందరిని ఈ వ్యాసమున ‘పాలుగలవారు’ అని వ్యవహరింతును. వారందరును ఒకచోట కూర్చుండి, ఎవరిపని యేదో నిర్ణయించుకొనిననే గాని యంత్రములు, పథకములు సందు చివరివరకు చేరజాలవని నిరూపించుట ఇందలి ఉద్దేశము.

1. నేల పుట్టుక

ముంబయి మొదట ఏడు దీవుల సముదాయము. వర్లీ దీవికిని, మహాలక్ష్మి ప్రాంతమునకును నడుమ ఒక పెద్ద గండి యుండెడిది. సముద్రపుపోటు ఆ గండిగుండ లోనికి చొచ్చి, నేడు బైకల్లా, కామాటిపురా, తార్‌దేవ్ అని మనము పిలుచు పల్లములను ముంచుచుండెను. 1771 నుండి 1784 వరకు గవర్నరుగా నున్న విలియం హార్న్‌బీ కాలమున ఆ గండికి అడ్డముగా కట్ట వేయబడినది. హార్న్‌బీ వెల్లార్డు అని చరిత్రలో పేరొందిన కట్ట అదియే. కట్ట వెనుకనున్న చిత్తడినేల క్రమక్రమముగా ఆరి, మట్టితోను చెత్తతోను పూడ్చబడి, ఇండ్లస్థలముగా మారినది.

కామాటిపురాకు ఉత్తరపు హద్దుగా నున్న బెల్లాసిస్ రోడ్డు చరిత్ర మన విషయమునకు మిక్కిలి దగ్గరది. 1793లో, కరవుచే సూరతు నగరమునుండి తరలివచ్చిన బీదల చేత, ప్రజలు వేసికొన్న చందాలతో, మేజరు జనరలు బెల్లాసిస్ ఆజ్ఞపై ఈ రోడ్డు వేయబడినట్లు శిలాఫలకము వలన తెలియుచున్నది. పల్లములో ఎత్తుగా వేసిన ఆ బాట, సేనాని యధికారము, పౌరుల ధనము, నిరాశ్రయుల శ్రమ, ఈ మూడును కలిసి పుట్టించినది. పొత్తు అనునది ఈ పేటకు విదేశీయపు భావము కాదని దీనివలన స్పష్టమగును.

ఇట్లు ఏర్పడిన నేలను మన పల్లెటూరి కన్నుతో చూచిన, సంగతి తేటపడును. వెల్లార్డు చెరువుకట్ట వంటిది. కట్టకు లోపలిప్రక్క నున్న పేటలు చెరువుగర్భము వంటివి. కట్ట సముద్రమును బయట నిలిపినది నిజమే. కాని ఆకాశమునుండి పడిన నీటిని లోపలనే నిలిపినది. ఏ చెరువునకైనను తూము, మత్తడి యుండవలెను. తూము మూతపడి, మత్తడి లేని చెరువు ఏమగునో తెలంగాణపు రైతుబిడ్డకు వేరుగా చెప్పనక్కరలేదు.

2. నీరు ఏల నిలుచును?

ముంబయి వాననీటి కాలువలలో పెక్కు బ్రిటిషువారి కాలమునాటివి. గంటకు 25 మి.మీ. వాన పడునని, అందులో సగము నేలలోనికి ఇంకునని లెక్కవేసి కట్టినవి. నేడు ఇంకుటకు మట్టినేల యెక్కడను మిగులలేదు. 1985 నాటి వరదల పిమ్మట ఆలోచింపబడి, 1993లో సిద్ధమైన ‘బ్రిమ్‌స్టోవాడ్’ అను ప్రణాళిక గంటకు 50 మి.మీ. వానను తట్టుకొనునట్లు కాలువలను విస్తరింపవలెనని సూచించెను. అది పండ్రెండు సంవత్సరములు చాలవరకు కాగితములయందే యుండెను.

రెండవ కారణము సముద్రము. నగరపు వాననీరు బయటికిపోవు ముఖద్వారములు 186 అని లెక్క. వీనిలో 45 సముద్రపు సగటుమట్టమునకు దిగువన నున్నవి. 135 సగటుమట్టమునకు ఎగువను, పోటుమట్టమునకు దిగువను ఉన్నవి. పోటుమట్టమునకు పైన నున్నవి కేవలము 6. అనగా పోటు వచ్చినపుడు 180 ముఖద్వారములు నీటిని వెలుపలికి పంపజాలవు. సముద్రము 4.5 మీటర్లకు మించి ఎగయు దినమున, అదే ఘడియలో జోరువాన పడినచో, ఆటు వచ్చువరకు వీథియే కాలువ యగును.

దీనికి ఉపాయముగానే పంపుకేంద్రములు ప్రతిపాదింపబడినవి. తలుపులు మూసి సముద్రమును ఆపి, లోపలినీటిని యంత్రములతో ఎత్తిపోయుట వీని పని. ప్రతిపాదించిన ఎనిమిదింటిలో హాజీఅలీ, ఇర్లా, లవ్‌గ్రోవ్, క్లీవ్‌లాండ్, బ్రిటానియా, గజ్దర్‌బంద్ అను ఆరు 2019 నాటికి పనిచేయసాగినవి. మోగ్రా, మాహుల్ కేంద్రములు స్థలవివాదములచేతను, అనుమతుల చిక్కులచేతను చాలకాలము వెనుకబడినవి. మన ఉపమానమున చెప్పవలెనన్న, రెండు శతాబ్దుల తరువాత ఈ చెరువునకు ఇనుప మత్తడి యమరినది.

3. మూడు వానల పాఠము

2005 జూలై 26న శాంతాక్రూజ్ వాతావరణ కేంద్రమున 24 గంటలలో 944 మి.మీ. వాన నమోదయ్యెను. అదే దినమున దక్షిణాన కొలాబాలో పడినది 75 మి.మీ.కు మించలేదు. ఒకే నగరమున ఒకచోట ప్రళయము, వేరొకచోట సామాన్యమైన వాన! నగరమున నాలుగువందలకు పైగా ప్రాణములు పోయెను. పిమ్మట మాధవ్ చితళే అధ్యక్షతన నియమింపబడిన సంఘము 2006లో నివేదిక నొసగెను. మూలనబడిన బ్రిమ్‌స్టోవాడ్ ప్రణాళికకు 2007లో కేంద్రప్రభుత్వము 1,200 కోట్ల రూపాయల సాయము మంజూరు చేసెను.

2017 ఆగస్టు 29న నగరము మరల జలమయమయ్యెను. ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు ప్రాంతమున, నీరు దిగుటకై ఎవరో మూత తెరచిన మ్యాన్‌హోలులో పడి ఒక పేరుగల వైద్యుడు మరణించెను. మూత తెరచినవారి తలపు మంచిదే కావచ్చును. కాని చెప్పువారు, కాపలా యుండువారు లేని మేలు కీడుగా మారునని ఆ సంఘటన చాటినది. రెండు దినములకే, ఆగస్టు 31న, కామాటిపురాకు కొలది దూరముననున్న భెండీ బజారులో శతవర్షముల నాటి హుసేనీ భవనము కూలి, ముప్పదిమందికి పైగా చనిపోయిరి. పాత చాళ్లలో నివసించు మనవారికి వానభయము రెండింతలు: క్రిందినుండి నీరు, పైనుండి గోడ.

మూడవది 2020 ఆగస్టు 5 నాటి వాన. ఈ మారు దెబ్బ దక్షిణమునకు తగిలెను. కొలాబాలో 24 గంటలలో సుమారు 330 మి.మీ. పడగా, శాంతాక్రూజ్‌లో పడినది అందులో సగము. కామాటిపురా పొరుగుననే యున్న జె.జె. ఆసుపత్రిలోనికి సయితము నీరు చొచ్చెను. 2005లో తప్పించుకొన్నామని దక్షిణపు పేటలు నిశ్చింతగా నుండరాదని ఇది తెలిపినది. 2025 మే 26న, ఋతుపవనములు వేళకు ముందుగనే వచ్చి, వర్లీలో అప్పటికి నెల దినములైనను గడువని క్రొత్త భూగర్భ మెట్రో స్టేషనును ముంచెను. క్రొత్త కట్టడమగుట మాత్రమే రక్షణ కాదు.

4. ఒక్క సందు, పెక్కుచేతులు

ఇనుప మత్తడి యుండగా పేటలో నీరేల నిలుచుచున్నది? సమాధానము సందులో కలదు. పంపుకేంద్రము తనవద్దకు వచ్చిన నీటినే ఎత్తిపోయగలదు. గదినుండి కేంద్రమువరకు నీరు నడచు దారిలో ఎన్ని చేతులు మారునో గమనింపుడు.

రెండు చాళ్ల వెనుకభాగముల నడుమ మనిషి పట్టీపట్టని ఇరుకుదారి యొకటి యుండును. దీనిని ముంబయిలో ‘హౌస్‌గల్లీ’ యందురు. వంటింటి నీరు, మరుగుదొడ్ల గొట్టములు, కప్పుమీది వాననీరు అన్నియు ఇందులోనికే దిగును. పైఅంతస్తుల కిటికీలనుండి విసరిన చెత్తయు ఇందులోనే పడును. ఈ గల్లీ యెవరిది? పాత చాళ్లకు అద్దెలు 1947 నాటి అద్దెచట్టముచే చిరకాలము బిగుసుకొనిపోయినవి. వచ్చు అద్దె మరమ్మతునకు చాలదని యజమాని చేతులు ముడుచుకొనును. పగిడీ యిచ్చి చేరిన కాపురస్థుడు, ఇల్లు తనదికాదని తలంచును. ఈ చిక్కును విప్పుటకే 1969 చట్టముచే పన్నువసూలుచేసి పాతయిండ్లను బాగుచేయు మండలి యేర్పడినది. అది ఇపుడు రాష్ట్రగృహనిర్మాణ సంస్థయైన మ్హాడాలో అంతర్భాగము. ప్రతివేసవిలో అత్యంత ప్రమాదకరమైన ఇండ్ల జాబితాను ప్రకటించునది ఈ మండలియే.

గల్లీ దాటినంతనే రోడ్డు. రోడ్డు, దానిక్రింది కాలువ, చెత్త యెత్తుట, పంపులు ఇవియన్నియు కార్పొరేషనువి; కాని అందును వేరువేరు శాఖలు. కామాటిపురా కార్పొరేషను ‘ఇ’ వార్డులోనిది. మార్గమున రైలుకట్ట అడ్డుపడినచో, దాని క్రింది తూము రైల్వేవారిది. సందు మొగదల తోపుడుబండ్ల వర్తకులు, చిల్లరకొట్లవారు, కార్ఖానాలవారు తమ వ్యర్థములను ఎచ్చట వేయుదురో అచ్చటనే కాలువ జాలీ యుండును. రోడ్డు పలుమారులు వేయబడి ఎత్తు పెరుగుటచే క్రిందిగదుల గడపలు దిగువకు పోయినచోట్లు పాతపేటలలో కలవు.

వీరుగాక, ఏ జాబితాలోను కనబడని పాలుగలవారు ఇరుతెగలు. ఒకరు పాలమూరు మొదలగు జిల్లాలనుండి వచ్చి, ఒకేగదిలో పదిమంది చొప్పున అద్దెకుండు భవననిర్మాణపు కూలీలు. వీరిపేర అద్దెపత్రము లేదు. రెండవవారు, లోకము ఈ పేటపేరు వినగానే చులుకనగా తలచు వృత్తిలో చిక్కిన స్త్రీలు. వీరి నివాసములలో పెక్కు క్రింది అంతస్తులోనివే. నీరు ముందుగా చేరు గదులలోనివారిని సంప్రదింపుల సభకు చివరనైనను పిలువకుండుట న్యాయము కాదు. అంతకుమించి, తెలివియు కాదు. నీరు మొదట ఏ మూలనుండి పొంగునో నిజముగా తెలిసినవారు వారే.

వర్లీ కథ మరొకవిధము. 1920 దశాబ్దిలో బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు కట్టిన 121 బీడీడీ చాళ్లలోను, పరిసరపు చాళ్లలోను మిల్లుపనికి వచ్చిన తెలుగు పద్మశాలి కుటుంబములు తరతరములుగా కాపురముండినవి. 160 చదరపు అడుగుల గది, ఉమ్మడి వరండా, ఉమ్మడి కుళాయి. ఈ యుమ్మడితనము ఇరుకును కలిగించినమాట నిజమే. కాని వాననాడు ఎవరింట ముసలివారున్నారో, ఎవరికి మందు కావలెనో ఎల్లరకును తెలిసియుండెడిది. ఈ చాళ్ల పునర్నిర్మాణమున 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబములకు పొడవైన క్రొత్తమేడలలో ఇండ్లు లభించినవి. గది పెద్దదైనది, సంతోషము. వరండా పోయినచోట ఆ పరస్పర పరిచయము కూడ పోకుండ చూచుకొనవలెను.

5. నీరటి లేని చెరువు

మన తెలంగాణపు గ్రామములలో చెరువునకు ‘నీరటి’ యను సేవకుడు ఉండెడివాడు. తూము ఎంత తెరువవలెనో, ఏ మడికి ఎప్పుడు నీరు పారవలెనో, కట్టలో ఎలుకబొరియ ఎచ్చట పడినదో చూచుట వాని ధర్మము. వాడు ఏ ఒక్క రైతు జీతగాడును కాడు. పంటపై అందరును ఇచ్చు గింజలే వాని జీతము. అందువలన వాని మాట అందరికిని చెల్లెడిది. మత్తడి దూకు రాత్రి వాడు కేకవేసిన, ఊరంతయు పారలతో కట్టమీదికి వచ్చెడిది.

ఐరోపాలోని నెదర్లాండ్సు దేశపు ఏర్పాటు దీనినే పోలియుండుట వింత గొలుపును. సముద్రమట్టమునకు దిగువననున్న ఆ దేశమున పదుమూడవ శతాబ్ది నుండియు జలమండళ్లు కలవు. భూమిగలవారును, నివాసులును ప్రతినిధుల నెన్నుకొని, తమపై తామే పన్ను విధించుకొని, కట్టలను పంపులను కాపాడుకొనుచున్నారు. ప్రభుత్వములు మారినను ఆ మండళ్లు నిలిచినవి.

వ్యతిరేకమైన ఉదాహరణము మన హైదరాబాదే. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాదిమందిని పొట్టన బెట్టుకొనెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయములు నిర్మింపబడినవి. ఆ నిర్మాణములు నగరమును దశాబ్దములపాటు కాపాడినవి. అయినను 2020 అక్టోబరు వానలలో నగరపు పెక్కుకాలనీలు మునిగినవి. గొలుసుకట్టు చెరువులును, నాలాలును ఆక్రమణకు గురియైనపుడు, వానిని తమవిగా భావించి కేకవేయు నీరటి లేకపోయెను. రాతికట్టడమునకు మనుష్యుల కట్టుబాటు తోడుగాకున్న ఫలము సగమే.

ముంబయిలో ఇట్టి కట్టుబాటునకు బీజములు లేకపోలేదు. 1997 నుండి కార్పొరేషను వీథివాసుల సంఘములతో కలసి పారిశుద్ధ్యము చూచు పద్ధతిని నడిపినది. కాని అది మధ్యతరగతివారి వీథులలో నాటుకొన్నంతగా చాళ్లలో నాటుకొనలేదు. 2020 జూన్ 12న ప్రారంభమైన ‘ఐఫ్లోస్–ముంబయి’ యను ముందస్తు హెచ్చరిక వ్యవస్థ, వాన, పోటు, నేలమట్టము మూడింటిని కలిపి లెక్కించి, మూడుదినములు ముందుగనే ఏ వార్డున నీరు నిలుచునో అంచనావేయగలదు. 2022 మార్చిలో నగరపు వాతావరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకటింపబడినది. కొరత జ్ఞానమున లేదు. ఆ జ్ఞానము వార్డు కార్యాలయమునుండి క్రిందిగదికి దిగు మెట్లలో కలదు.

6. చేయదగిన పనులు

మొదటిది, ప్రతి సందునకు ఒక జలసంఘము. ఇంటియజమానులు, పగిడీ కాపురస్థులు, అద్దెకూలీలు, క్రిందిగదుల స్త్రీలు, దుకాణదారులు, వార్డు ఇంజనీరు, ఇండ్ల మరమ్మతు మండలి ప్రతినిధి ఇందు సభ్యులు కావలెను. ఫాల్గుణమునుండి వైశాఖమువరకు నెలకొకమారైనను కూడి, ఏ గల్లీ ఎవరు ఏ తేదీలోగా శుభ్రపరచవలెనో వ్రాసి, చాలు గోడపై అంటింపవలెను. పేరు, తేదీ లేని బాధ్యత బాధ్యత కాదు.

రెండవది, ఆ సంఘమునకు ఒక నీరటి. సందులో నివసించువాడే కావలెను. చిన్న భృతి అందరును కూర్చి యీయవలెను. పోటువేళల పట్టిక వానిచేత నుండవలెను. హెచ్చరిక వచ్చినపుడు ప్రతిగదికి చెప్పుట, విద్యుత్తు ఆపించుట, కార్పొరేషను విపత్తు కేంద్రమునకు 1916 సంఖ్యపై ఫోనుచేయుట వాని పనులు. మ్యాన్‌హోలు మూతను ఎవరును స్వయముగా తెరువకుండ కాచుటయు వాని పనియే.

మూడవది, భాష. హెచ్చరికలు మరాఠీలోను, హిందీలోను, ఇంగ్లీషులోను వచ్చుచున్నవి. పాలమూరునుండి నిన్న వచ్చిన కూలికిని, వృద్ధురాలైన అవ్వకును తెలుగుమాటయే చెవికెక్కును. కార్పొరేషను తెలుగు మాధ్యమపు పాఠశాలలను కూడ నడుపుచున్నది. అట్టి పాఠశాలల పిల్లలే మన యింటింటి వార్తాహరులు కాగలరు. ఆపద్దినమున కార్పొరేషను పాఠశాలలు ఆశ్రయస్థానములగుటచే ఆ దారిని పిల్లలు ముందుగనే పెద్దలకు చూపియుంచవలెను.

నాల్గవది, ఆరోగ్యము. వరదనీటిలో నడచినవారికి ఎలుకల మూత్రమువలన వ్యాపించు లెప్టోస్పైరోసిస్ జ్వరము సోకు ప్రమాదము కలదు. 2005 పిమ్మట నగరమున ఇది తీవ్రముగా ప్రబలినది. నీటిలో నడచిన 72 గంటలలోగా కార్పొరేషను దవాఖానాలో వైద్యుని చూచి నివారణమాత్ర పొందుట మంచిది. కాలిపుండు గలవారు ఏమాత్రము ఉపేక్షింపరాదు.

అయిదవది అన్నింటికంటె ముఖ్యము. కామాటిపురాను మొత్తముగా పడగొట్టి మ్హాడా ద్వారా మరల నిర్మించు పథకము ప్రభుత్వపు టాలోచనలో ముందునకు సాగుచున్నది. శతాబ్దిలో ఒకమారు వచ్చు అవకాశమిది. ఎవరికి ఎన్ని అడుగుల ఇల్లు అను ప్రశ్న సహజముగా అందరి నోట నున్నది. దానితోపాటు, నేలమట్టపు పటమేది, కప్పునీరు ఎచ్చటికి పోవును, మట్టినేల యెంత మిగులును, క్రొత్తమేడల అరుగు ఎత్తుటచే ప్రక్కసందు మునుగునా యని కూడ మనవారు సభలో లేచి అడుగవలెను. కాగితము లేని కూలివాని పేరును నివాసుల గణనలో చేర్చుమని అడుగుటయు మన ధర్మమే.

ముగింపు

పంపులు లేనిదే పల్లపునేల బ్రతుకదు. ఆ బాధ్యత ప్రభుత్వముదే. దానిని ప్రజలపై నెట్టుటకు పొత్తు అను మాటను వాడరాదు. కాని గల్లీలో కాలువ పూడియున్న యెడల ఎంతగొప్ప పంపైనను వట్టి గాలినే లాగును. రెండుశతాబ్దుల క్రిందట మన పెద్దలు పారపట్టి ఈ నగరమునకు వచ్చిరి. వారి శ్రమ ఎన్నో గోడలలో పేరులేక కలసిపోయినది. ఆ కామాటుల సంతతివారు నేడు పారతోపాటు పోటుపట్టికను, సభలో కుర్చీని కూడ చేపట్టవలసియున్నది. ఒక్క సందులో ఒక్క వానకాలము ఈ పద్ధతి నడచి, ఒక్క అవ్వ రాత్రి నిశ్చింతగా నిదురించినచో, తక్కిన సందులకు వేరుగా బోధింపనక్కరయుండదు.